అవ్వ ఏడుపు మీద తప్పెట దెబ్బ

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అనుకోనీ. చిన్నతనంలో సంగీతం క్లాసులో హార్మోనియం మెట్టు ఒకటి పలకలేదని ఆ పెట్టెను కాలితో తన్నాను. పెళ్ళయ్యాక కరెంటు వాళ్ళతో, పక్కింట్లో మిక్సీ వేసే ఆమెతో, మైకు సెట్టు వాళ్ళతో పోట్లాడాను. అవన్నీ వచ్చిపోయే కోపాలు. ఇది పోలేదు. మా అవ్వ తన కొడుకు కోసం ఏడ్చిన ఏడుపును జనం నవ్వులాట చేశారు. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత నేను ఎందుకు గొంతు పెంచుతున్నానో మీకు తెలుస్తుంది.

మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చుని, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని, రాగం తీస్తూ ఏడుస్తారు. మాటలు ఎవరూ రాసిపెట్టుకోరు. పోయిన మనిషి తిన్నది, నడిచింది, అలిగింది, అన్నీ ఆ ఏడుపులోకి వస్తాయి. అందరూ ఏడుస్తారు గానీ ఏడుపును ఎత్తుకుని నడిపించేది ఒక్కరే. గుడిబండ చుట్టుపక్కల పల్లెల్లో ఆ ఒక్కరు మా అవ్వ, మా నాయన తల్లి. ఆమె వచ్చి తల దగ్గర కూర్చునేదాకా మిగతావాళ్ళు ముక్కు చీదుతూ ఎదురు చూసేవాళ్ళు.

నాది పాటల పని. హిందూపురంలో మా ఇంటి మేడ మీద గదిలో స్టూడియో పెట్టుకున్నాను. స్టూడియో అంటే ఏదో ఊహించుకోకండి. ఒక కంప్యూటరు, ఒక మంచి మైకు, ఒక కీబోర్డు, గోడలకు కంబళ్ళు. శబ్దం ఆపడానికి బయట దొరికే ఫోమ్ పలకలు కొనడం ఇష్టం లేక మా ఊరి గొర్రెల బొచ్చుతో నేసిన కంబళ్ళు తెచ్చి నాలుగు గోడలకూ కొట్టించాను. శబ్దం బాగా తాగుతాయి. వాన పడితే మాత్రం గదంతా గొర్రెల వాసన, పాడడానికి వచ్చిన వాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మూసుకోను.

అక్కడ ఏం రికార్డు చేసేదాన్నంటే, పెళ్ళి పాటలు, జాతర పాటలు, నాయకుల పుట్టినరోజు పాటలు. ఈ చుట్టుపక్కల ఉన్న సింహాలన్నిటికీ నేనే పాటలు రాశాను. ఒక మండలానికి ఇద్దరు సింహాలు, ముగ్గురు పులులు. వానే పడని ఈ సీమలో ఇన్ని మృగాలు ఏం తిని బతుకుతున్నాయో నాకు తెలియదు. పేరు మార్చి, ఊరు మార్చి, అదే పాటను ఇంకొకరికి ఇచ్చినా వాళ్ళు కనుక్కోలేదు. ఈ పని మీద నాకు గౌరవం లేదు, కానీ గదికి అద్దె లేకపోయినా చేతిలో డబ్బు ఆడుతూ ఉండాలి కదా అని చేశాను.

మా నాయన శెనక్కాయ చేనులో పోయాడు. పొద్దున కలుపు తీసేవాళ్ళతో మాట్లాడుతూ గట్టు మీద కూర్చున్నాడట, అలాగే వాలిపోయాడట. నేను హిందూపురం నుంచి చేరేసరికి అవ్వ తల దగ్గర ఉంది. ఆ రోజు ఆమె ఏడ్చిన తీరు నేను జన్మలో వినలేదు. తెలుగులో మొదలుపెట్టి, గొంతు బాగా నిండినప్పుడు కన్నడంలోకి పోయింది. ఆమె పుట్టిల్లు మడకశిర అవతల. “నన్న కందా, నన్న కందా” అని, అంటే నా బిడ్డా అని, పిలిచి మళ్ళీ తెలుగులోకి వచ్చింది. “గంజి కాసిపెడితి గదరా సామీ, ఎవురికి పొయ్యల్ల ఇంగ, ఎవురికి పొయ్యల్ల” అంది. నాయన చేను నుంచి వచ్చి చల్లారిన గంజి తప్ప తాగేవాడు కాదు. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

తర్వాత నెలల తరబడి నాయన మీద పాట రాయాలని కూర్చున్నాను. ఏది రాసినా సింహాల పాటలాగే వచ్చింది. చేను, నాగలి, చెమట, త్యాగం, ఇదే వరస. మా నాయన త్యాగాలు చేసే మనిషి కాదు. బీడీ కోసం గొర్రెను సంతకు తోలిన మనిషి. కాగితాలు చింపి చింపి విసుగు పుట్టి చివరకు ఊరికి పోయి అవ్వను అడిగాను. నాయన కోసం ఏడ్చింది మళ్ళీ ఒకసారి నా గదిలో కూర్చుని పాడతావా అని.

అవ్వ నన్ను తినేసేలా చూసింది. “మతి ఉండే మాట్లాడతాండావా? నీ ఇంట్లో ఎవురు సచ్చినారని ఏడ్సల్ల నేను? దీపం పెట్టే ఇంట్లో శోకం పెడితే ఆ ఇల్లు బాగుపడతాదా?”

అది మా వైపు కట్టు. సావు లేని ఇంట్లో శోకం పెట్టకూడదు. పసిపిల్లలు ఆటకు రాగం తీసినా వీపు మీద ఒకటి వేస్తారు. నేను ఆ మాట మరిచిపోయి అడిగాను, ఆమె తిట్టింది, నేను ఊరుకున్నాను. రెండు రోజులు పోయాక చిన్నాయన ఫోను నుంచి తనే మాట్లాడింది. “సంవచ్చరీకానికి నాయన గుంత కాడికి పోతాము గదా. ఆడ ఏడిస్తే తప్పు లేదు. ఆ మిషను ఆడికి తెచ్చుకో. ఒగసారే. మల్ల అడగొద్దు.”

అలా నా స్టూడియో చేనుకు పోయింది. నాయనను అదే చేనులో పాతిపెట్టాము. గాలి మైకులోకి కొట్టకుండా చిన్న కంబళి ముక్క చుట్టాను. కడపటి పూజ అయ్యి, కూడు పెట్టి, మగవాళ్ళు వేపచెట్టు కిందికి పోయాక అవ్వ గుంత పక్కన కూర్చుంది. మైకు వైపు చూడలేదు. “ఇది నీకూ, నీ నాయనకూ. మనోళ్ళు ఇంటే ఇంటారు,” అని మొదలుపెట్టింది. గాలికి శెనక్కాయ ఆకులు కదిలిన చప్పుడు కూడా అందులో పడింది. నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మట్టిలో కూర్చుని ఏడ్చాను. నాయన పోయిన రోజు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది.

దాన్ని తెచ్చి మేడ మీద గదిలో పెట్టుకుని ఆ వానాకాలమంతా పనిచేశాను. పాటకు తాళం లెక్క ముందే పెట్టుకుని, దాని ప్రకారం పాడించడం మా అలవాటు. అవ్వ లెక్కకు లొంగదు. ఆమె ఊపిరి ఎక్కడ ఆపితే అక్కడే తాళం ఆగాలి. ఆమె పట్టే స్వరం నా కీబోర్డు మెట్లలో లేదు, రెండు మెట్ల నడుమ సందులో ఉంది. స్వరాలు సరిచేసే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది, అది ఆమె గొంతును దగ్గరి మెట్టు మీదికి లాగి కూర్చోబెట్టింది. వింటే సినిమా పాటలా ఉంది. ఒళ్ళు మండి దాన్ని తీసి పారేశాను. ఆమె గొంతుకు ఒక వయొలిన్ తీగ తోడు పెట్టి, నేను రాసిన నాలుగు చరణాలు ఆమె ఆపిన చోట్ల మధ్యలో పెట్టాను. నా మాటలు తక్కువ, ఆమె ఏడుపు ఎక్కువ. నేను చేసిన పాటల్లో నాకు సిగ్గు కలిగించని పాట అదొక్కటే.

గొంతునూ వాయిద్యాలనూ తూకంగా కలిపే మిక్సింగ్ నా గదిలో కుదరదు. ధర్మవరంలో ఒకతను ఉన్నాడు. ఇదివరకు మగ్గం ఉండిన గదిని స్టూడియో చేసుకున్నాడు, పక్క గదిలో వాళ్ళ నాయన ఇప్పటికీ పట్టుచీరలు నేస్తాడు. పని తెలిసిన మనిషి, చెవి మంచిది. నా జాతర పాటలన్నీ అతనే మిక్స్ చేశాడు. నన్ను అక్కా అని పిలుస్తాడు. ఫైళ్ళన్నీ అతనికి పంపించి, ఇది మా నాయన పాట, నేను వచ్చి పక్కన కూర్చునేదాకా ముట్టుకోవద్దు అని ఫోనులో చెప్పాను. సరేనక్కా అన్నాడు.

ఆ మిక్సింగుకే హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, మనసు తేలికగా ఉంది. పెనుకొండలో కాలేజీ పిల్లల గుంపొకటి ఎక్కింది. ఒకడు ఫోను పైకి పట్టుకుని మిగతావాళ్ళకు ఏదో చూపిస్తున్నాడు, అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. ముందు తప్పెట చప్పుడు వినిపించింది. దాని మీద గొంతు.

“ఎవురికి పొయ్యల్ల ఇంగ, ఎవురికి పొయ్యల్ల.”

లేచి పోయి ఆ పిల్లవాడి చేతిలో ఫోను లాక్కున్నాను. తెరమీద ఎవరో మీసాల మనిషి, చేతిలో పగిలిన బీరు సీసా, నోరు మా అవ్వ మాటలకు ఆడిస్తూ నేల మీద కారిపోతున్న బీరును చూసి ఏడుపు మొహం పెడుతున్నాడు. కింద వందల నవ్వు బొమ్మలు. వేలితో పైకి తోస్తే ఇంకొకటి, మాడిపోయిన కూర గిన్నె. ఇంకొకటి, మ్యాచు ఓడిపోయిన జట్టు. అన్నిటికీ మా అవ్వ గొంతే.

“ఏమాంటీ, ఫోనియ్యండి. అందురూ పెడతాండారు ఇదే,” అన్నాడు ఆ పిల్లవాడు.

“ఇది ఎవురి గొంతో తెలుసునా నీకు?”

“ఎవురో అవ్వ. కామెడీ అవ్వ.”

వాణ్ణి కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఫోను వాడి ఒళ్ళో పడేసి ధర్మవరం దాకా తలుపు దగ్గర నిలబడ్డాను.

స్టూడియోలో అడుగు పెట్టగానే అతను నవ్వుతూ ఎదురొచ్చాడు. “అక్కా, వచ్చినావా? రా కూర్చో. సూసినావా మన టీజరు యాడికి పోయిందో!”

“ఎవుర్ని అడిగి పెట్టినావప్పా?”

“పాటకు మంచిదని చిన్న ముక్క కోసి పెడితినక్కా. ఉత్త ఏడుపైతే ఎవురింటారు? ఏలితో తోసేసి పోతారు. అందుకే కింద కొంచెం దెబ్బ యాడ్ చేస్తిని. అంతే.”

“ఏం దెబ్బ అది?”

“సావు దెబ్బే గదక్కా. సావు పాటకు సావు దెబ్బ.”

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, లేకపోతే బయటివాళ్ళకు అర్థం కాదు. మా వైపు అన్ని చావులకూ ఒకే దెబ్బ కొట్టరు. నిండా బతికి, మునిమనవళ్ళను ఎత్తుకుని, పండుటాకులా రాలిన ముసలివాళ్ళకు ఒక దెబ్బ ఉంది. తప్పెటలు గట్టిగా, వేగంగా మోగుతాయి, ఈలలు వేస్తారు, టపాకాయలు కాలుస్తారు, మనవళ్ళు శవం ముందు ఎగురుతారు. అది ఏడుపు కాదు, పండగ. తల్లి బతికుండగా కొడుకు పోతే ఆ ఇంటి ముందు ఆ దెబ్బ ఎవరూ కొట్టరు. కొడితే కొట్టినవాడి చేయి విరగ్గొడతారు. ఇతను ఆ పండగ దెబ్బను తెచ్చి కన్నకొడుకు గుంత దగ్గర ఏడ్చిన తల్లి గొంతు కింద పెట్టాడు. వినేవాళ్ళకు ఆ దెబ్బ వినగానే నవ్వొచ్చింది, కాళ్ళాడాయి. మా అవ్వ ఏడుపు వాళ్ళకు ముసలివాడి ఊరేగింపులో ఆడేవాళ్ళ వేషంలాగా వినిపించింది.

“ఎవురి సావుకు కొడతారప్పా ఆ దెబ్బ?” అని అడిగాను.

అతను నోరు తెరిచాడు. “మా తాతకు కొట్టినారక్కా.”

“మీ తాతకు. నూరేండ్లకు దగ్గరగా బతికిన మీ తాతకు. రేపు మీ నాయనకు ఏమన్నా అయితే మీ అవ్వ ముందర ఇదే దెబ్బ కొట్టిస్తావా? చెప్పు, కొట్టిస్తావా?”

నేను అరిచిన అరుపుకు పక్క గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆ పెద్దాయనను మధ్యలోకి లాగడం న్యాయం కాదు, కానీ ఆ క్షణంలో నాకు న్యాయం గుర్తుకు రాలేదు. మిక్సింగ్ అతని మొహం వాడిపోయింది. తప్పెట లూపులు, అంటే తిప్పి తిప్పి వాడుకునే రికార్డు ముక్కలు, అతని కంప్యూటర్లో ‘సావు’ అని పేరు పెట్టి ఒకే ఫోల్డరులో ఉన్నాయి, అందులో చేతికి దొరికింది తీసి పెట్టాడు. ఊరేగింపుల్లో వినీ వినీ అతనికి అన్నీ ఒకటే అయిపోయాయి. దుర్బుద్ధి లేదు. దుర్బుద్ధి ఉండుంటే నాకు బాగుండేది, తిట్టడానికి గట్టిగా ఏదైనా దొరికేది.

“డిలీట్ చేస్తానక్కా. ఇప్పుడే చేస్తాండా.”

చేశాడు. ఏం లాభం? అప్పటికే ఎవరెవరో దింపుకుని, కత్తిరించి, తమ పేర్లతో పెట్టుకున్నారు. ఒక్కొక్కరికీ నేను రాశాను. ఇది మా అవ్వ తన కొడుకు గుంత దగ్గర ఏడ్చింది, దయచేసి తీసేయండి అని. కొందరు నవ్వు బొమ్మ పెట్టారు. ఒకామె మాత్రం తీసేసి క్షమించమని రాసింది. ఎవరో ఛానెలు అతను ఫోను చేసి, “ఆ అవ్వ డేట్స్ ఇస్తుందామ్మా? ఇంకో నాలుగు ఏడుపులు తీద్దాం, మంచి ట్రెండింగ్‌లో ఉంది,” అన్నాడు. వాడిని నేను అన్న మాటలు అచ్చులో వేయడానికి పనికిరావు.

ఆ పాట ఇప్పటికీ నా కంప్యూటర్లోనే ఉంది, పూర్తి కాలేదు. తెరిచినప్పుడల్లా, నేను పెట్టని ఆ తప్పెట నా చెవిలో మోగుతుంది. రెండు మూడుసార్లు ప్రయత్నించి మానుకున్నాను.

అవ్వకు తెలియకూడదని అనుకున్నాను. పల్లెల్లో ఫోను లేని ఇల్లు లేదు, తెలియకుండా ఎలా ఉంటుంది? నెల తిరక్కుండా నేను ఊరికి పోయినప్పుడు పంచలో కూర్చుని చింతపండు కొడుతోంది. గింజ తీసి ఒక పక్క, పండు ఒక పక్క వేస్తూ, తలెత్తకుండా అడిగింది.

“ఏమ్మీ, నా ఏడుపు ఫోన్లో వస్తాండాదంట గదా?”

“అవునవ్వా.”

“పాలు పోసేటాయప్ప సూపిచ్చె. ఎవురో మొగోడు, నా గొంతుకు నోరాడిస్తాండాడు. సేతిలో సారాయి బుడ్డి. అందురూ నవ్వుతాండారు.” సుత్తి పక్కన పెట్టి నా వైపు చూసింది. “ఏంటికి నవ్వుతాండారమ్మీ? నేను తప్పుగా ఏడిస్తినా?”

నేను తప్పెట గురించి చెప్పాను. మిక్సింగ్ అతని గురించి, ముసలివాళ్ళ దెబ్బ గురించి, నీ తప్పు కాదు అని పదిసార్లు చెప్పాను. ఆమె అంతా విని, “ఓహో,” అని మళ్ళీ చింతపండు అందుకుంది. నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది. మా అవ్వ ఆ వయసులో, ఆ కొడుకు కోసం, తను సరిగ్గా ఏడ్చిందో లేదో అని అనుమానపడింది. దీనికి ఎవరి మీద కేసు పెట్టాలి? ఏ ఆఫీసు మెట్లెక్కాలి?

పోయిన ఎండాకాలం మడకశిరలో అవ్వ చెల్లెలు పోయింది. నేనే అవ్వను తీసుకుపోయాను. ఇంటి ముందు షామియానా, లోపల ఆడవాళ్ళు తెలుగులో కొందరు, కన్నడంలో కొందరు, తెగి తెగి ఏడుస్తున్నారు. అవ్వను చూడగానే అందరూ జరిగి తల దగ్గర చోటిచ్చారు. ఒకామె, “అక్క వచ్చె, అక్క వచ్చె,” అంటూ అవ్వ చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. ఏడుపు సన్నగిల్లింది. అందరూ ఆమె ఎత్తుకుంటుందని ఆగారు.

అవ్వ చెల్లెలి నుదుటి మీద చేయి వేసింది. వెంట్రుకలు సవరించింది. గొంతు సర్దుకుని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు గోడ దగ్గర నిలబడిన ఒకమ్మాయి ఫోను పైకెత్తింది. బహుశా ఆ అమ్మాయికి దురుద్దేశం లేదు, దూరంలో ఉన్న ఎవరికో చావు చూపించాలనుకుంది. ఆమె వెనుక ఇంకో ఫోను లేచింది. ఫోన్లో గొంతు మా అవ్వదని అప్పటికే చుట్టాలందరికీ తెలిసిపోయింది. ఇంకో మూల ఎవరో పిల్ల, “ఆ అవ్వే, రీలు అవ్వ,” అని పక్కదాని చెవిలో అంది. నేను నిలబడిన చోటికి వినిపించింది.

అవ్వ నోరు మూసుకుంది. చీర కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, గట్టిగా అదిమి పట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి, గొంతు లేదు.

నేను పోయి ఆ ఫోన్లన్నీ కిందికి దింపించాను. ఒకదాన్ని విసిరి కొట్టాను కూడా. చావింట్లో గొడవేమిటని మగవాళ్ళు వచ్చారు, నన్ను బయటికి తీసుకుపోయారు. ఆ అరుపుల్లో నేను అవ్వ వైపే చూశాను. ఫోన్లు లేకపోయినా ఆమె కొంగు తీయలేదు. మిగతా ఆడవాళ్ళు కొంతసేపు ఎదురు చూసి, ఎవరికి వాళ్ళు ఏడుపు మొదలుపెట్టి, నడిపించేవాళ్ళు లేక మధ్యలో ఆపేశారు. శవాన్ని ఎత్తేటప్పుడు పూలవాళ్ళు బేరమాడే మాటలు కూడా స్పష్టంగా వినిపించాయి.

తిరుగు బస్సులో, ఊరు దగ్గర పడుతుండగా అవ్వ అంది.

“నా ఎనకాల పుట్టిన బిడ్డ. ఒక్క మాట సెప్పకుండా పంపిస్తిని.”

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

“నేను పోతే ఎవుర్నీ ఏడవద్దని సెప్పమ్మీ. నవ్వుతారు.”

“నేనేడుస్తానవ్వా. ఎవుడు నవ్వుతాడో నేనూ సూస్తా,” అన్నాను. నా గొంతు బస్సంతా వినిపించింది, ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు.

అవ్వ నా మొహం కేసి చూసింది. కోపంగా కాదు, జాలిగా.

“నీకు రాదు గదమ్మీ,” అంది. “నీకు అరిచేదే వస్తాది.”